గొడుగులో వచ్చిన పిల్లి

మా గల్లీ మురుగు మోరీ సంగతి చెప్పకుండా ఈ పిల్లి సంగతి చెప్పడం కుదరదు. తొందరగానే ముగిస్తాను. కాంట్రాక్టరులాగా నడిమధ్యలో వదిలేసి పోయే రకం కాదు నేను.

మోరీ తవ్వడం మొదలుపెట్టినప్పుడు మామిడి చెట్లు పూత మీద ఉన్నాయి. కాయలు వచ్చాయి, తొక్కు పెట్టుకున్నాం, తిన్నాం, జాడీ అడుగు కనబడింది. మోరీ మాత్రం తవ్విన కాడే ఉంది. గల్లీ మొదట్లో సిమెంటు పైపులు దొర్లించి పోయిన మనిషి మళ్లీ ముఖం చూపలేదు. అడగవలసిన చోటికి పోయి అడిగాను. అడిగానని నేను అంటున్నాను, మా ఇంటామె అయితే ‘ఒర్రొచ్చిండు’ అంటుంది, అరిచి వచ్చానని. వాళ్లు తాపీగా విని ఫోటో తెమ్మన్నారు. లేని మోరీకి ఫోటో ఎట్లా తీయాలంటే, ఉన్న గుంతకు తీయమన్నారు.

అందుకని ముసురు పట్టిన ఒక పొద్దున ఒక చేత ఫోను, ఇంకో చేత నా కట్టె పిడి గొడుగు పట్టుకుని బయలుదేరాను. చూస్తే పైపు ముందర కుక్కలు పంచాయితీ పెట్టినట్టు గుమిగూడి ఉన్నాయి. లోపల చీకట్లో రెండు కళ్లు. నేను ఒక్క కేక వేశాను. నా గొంతు మనుషుల మీద ఎన్నడూ పనిచేయలేదు గాని కుక్కల మీద బాగా పనిచేస్తుంది. అవి పోయాయి. పిల్లి కూడా ఆ కేకకే పైపులో ఇంకా లోపలికి పోయింది.

పైపు అవతలి నోరు మట్టితో పూడుకుపోయి ఉంది. వాన నీళ్లు పైపులోకి చేరుతున్నాయి. బతిమాలాను, బెదిరించాను, రాలేదు. చివరికి గొడుగును సగం ముడిచి, కొస పిల్లి వెనక దాకా పోనిచ్చి, ఇవతలికి నెట్టుదామనుకున్నాను. పిల్లి మనం అనుకున్నట్టు చేస్తుందా? ఇవతలికి రావడం మాని నేరుగా గొడుగు మడతల్లోకి దూరింది. లాగి చూస్తే గొడుగు బరువుగా వచ్చింది. మూతి బిగించి పట్టుకుని, చంకలో పెట్టుకుని, వానలో తడుస్తూ ఇంటికి నడిచాను. చేతిలో గొడుగు ఉండగా తడిసిపోతున్న ముసలివాణ్ణి చూసి గల్లీ ఏమనుకుందో నాకు సాయంత్రానికే తెలిసింది.

మా ఇంటామెకు దమ్ము ఉంది, ఊపిరాడని జబ్బు. దుమ్ము పడదు, బొచ్చు అసలే పడదు. దవాఖానలో గట్టిగా చెప్పారు. గొడుగు మూలకు పెట్టి విషయం చెప్పాను. ఆమె గొడుగును చూసింది, నన్ను చూసింది.

“వాన తగ్గెదాక ఉండనియ్యి,” అంది.

వాన తగ్గింది. పిల్లి గొడుగులోంచి బయటికి రాలేదు. ఇగ వాన తగ్గినట్టా, తగ్గనట్టా?

బూడిద రంగుది, ఆడది, ఒక చెవి చిరిగింది. గొడుగులోంచి మంచం కిందికి, మంచం కిందినుంచి బియ్యం డ్రమ్ము వెనక్కి, అక్కడినుంచి మళ్లీ గొడుగులోకి. ఇదే దాని లోకం. నెత్తి మీద తక్కువ ఎత్తులో ఏదో ఒక కప్పు ఉంటేనే దానికి నిమ్మళం. తిండి పెడితే మేం చూస్తుండగా ముట్టదు. అటు తిరిగి కూర్చోవాలి. ఇద్దరు ముసలివాళ్లం గోడ వైపు తిరిగి, అలిగిన వాళ్ల మాదిరి కూర్చునేవాళ్లం. వెనక గిన్నె చప్పుడు వినబడితే ఆమె మోచేత్తో నన్ను పొడిచేది, తింటున్నదని.

పేరు పెట్టొద్దని ఆమె ముందే చెప్పింది. పేరు పెడితే ఇంటిది అవుతుంది, ఇంటిదైతే పోదు.

ఇక్కడ నా చదువు సంగతి కొంచెం చెప్పాలి. నేను బడి గడప తొక్కినవాణ్ణి కాదు. చిన్నప్పుడు కిరాణ దుకాణంలో ఉప్పు, బెల్లం తూచేవాణ్ణి. పొట్లాలు కట్టే పాత పేపర్లే నాకు పుస్తకాలు. కట్టే ముందు ఒక ముక్క పైకి చదివేవాణ్ణి, తప్పయితే గద్దె మీద ఉన్న షావుకారి దిద్దేవాడు. నాకు తెలిసిన వార్తలన్నీ సగం సగమే ఉండేవి, మిగతా సగం ఎవరి ఇంటికో పప్పుతో పోయేది. అట్లా నేర్చిన చదువు కాబట్టి, చదవడమంటే నాకు పైకి చదవడమే. కళ్లతో చదివి ఊరుకోవడం నాకు రాదు. ఇప్పటికీ పొద్దున్నే పేపరు ముందు పేజీ మొదలుకొని చివరిదాకా గొంతెత్తి చదువుతాను. ఏ వార్తకు ఎంత కోపం రావాలో అంత కోపం కూడా కలిపి చదువుతాను. పేపరు కొనకుండానే మా గల్లీ సగం మందికి లోకం సంగతులు తెలుస్తున్నాయంటే నా పుణ్యమే. ఇది సేవ అని నేను అనుకుంటూ ఉండేవాణ్ణి.

పిల్లి అట్లా అనుకోలేదు. నేను గొంతు సవరించుకుంటే చాలు, డ్రమ్ము వెనక్కి పోయేది. కరెంటు కోతల గురించి చదివిన రోజు అది సాయంత్రం దాకా నీళ్లు కూడా ముట్టలేదు. అప్పుడు ఈ వయసులో నేను మౌనంగా చదవడం నేర్చుకున్నాను. మొదట పెదవులు ఆడేవి, తర్వాత వేలు పెట్టుకుని పోయేవాణ్ణి. చదివిన దాని మీద వచ్చిన కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కడుపు ఉబ్బరంగా ఉండేది.

“ఇన్నేండ్ల సంది నేను మొత్తుకుంటె ఇనలే,” అంది మా ఇంటామె. “పిల్లి నోరు తెరవకుండనే ఇన్నవు.”

పిల్లి కుదుటపడుతున్న కొద్దీ ఆమె దమ్ము ఎక్కువైంది. ఆమె చెప్పలేదు. నేనే విన్నాను. నేను పైకి చదవడం మానేశాక ఇంట్లో మిగతా చప్పుళ్లన్నీ వినబడడం మొదలైంది. ఊపిరి తీసుకుంటుంటే ఛాతీలో ఈల. పిల్లి పోవలసిందే, అందులో వాదన లేదు. ఎక్కడికన్నదే ప్రశ్న.

దానికి జవాబు మా బామ్మర్ది దగ్గర తయారుగా ఉంది. వాడిది పెద్ద కొడప్‌గల్. మేకల బేరం చేస్తాడు, వారానికోసారి అంగడి రోజున మా బాన్సువాడ వచ్చి మళ్లీ మహారాష్ట్ర అంచున ఉన్న జుక్కల్ దాకా పోతాడు. అక్క దమ్ము సంగతి విని ఫోన్ చేశాడు.

“ఫికర్ చెయ్యకు బావ. అంగడినాడు వస్త. గోనె సంచిల ఏసుకొని జుక్కల్ అవుతల ఇడిచొస్త. కాలువ దాటిన పిల్లి మళ్ల రాదు.”

“అక్కడ ఏం తింటది?”

“పిల్లికి ఏం బావ, గదే ఎతుక్కుంటది. ఆడ మరాఠి పిల్లులు మస్తుగుంటయి, జత గూడా దొరుకుతది.”

ఈ సంచి మర్యాద మా ప్రాంతంలో పాతదే. దారి తెలియకుండా సంచిలో మూతి కట్టి, నీళ్లు దాటించి వదలడం. కొందరైతే వదిలే ముందు సంచిని గిరగిరా తిప్పుతారు కూడా. చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను, ఒక్కసారి కూడా నచ్చలేదు. పైపులో కుక్కలకు చిక్కి, గొడుగులో ఊపిరి తీసుకున్న ప్రాణాన్ని తీసుకుపోయి తెలియని చేనులో దులిపేస్తే అది ఎన్నాళ్లు ఉంటుంది? గోడ వైపు తిరిగి కూర్చుంటే గాని అన్నం ముట్టనిది ఎలుకను పడుతుందా? గల్లీ నడుమ నిలబడి అందరికీ వినబడేలాగా చెప్పాను, వచ్చే అంగడి రోజు లోపల దీనికి మంచి ఇల్లు చూస్తాను, సంచిలో మాత్రం పోనివ్వనని.

మాట ఇవ్వడం తేలిక.

మొదట రైస్ మిల్లు గుమాస్తా వచ్చాడు. మిల్లులో ఎలుకలు ఎక్కువైనాయట. పిల్లిని చూడకముందే, ఇది ఎట్లా పనిచేస్తుందని అడిగాడు. ఏం పెడతారని నేనడిగాను. తిండి పెడితే ఎలుకలను పట్టదని, ఏమీ పెట్టమని చెప్పాడు. నేను పనిచేసిన కిరాణ దుకాణంలోనూ పిల్లి ఉండేది. షావుకారి పక్కనే గద్దె మీద పడుకునేది. ఎలుకను పట్టినా పట్టకపోయినా దాని పాలు దానికి పోయవలసిందే. షావుకారికి ఒకనాడు చాయ్‌లో పాలు లేకున్నా పిల్లి గిన్నెలో ఉండేవి. నౌకరుకు తిండి పెట్టని కాలం వచ్చిందా అని గుమాస్తాను అడిగాను. కొంచెం గట్టిగానే అడిగానేమో, పిల్లి డ్రమ్ము వెనక్కి పోయింది, గుమాస్తా చెప్పులేసుకున్నాడు.

తర్వాత మెయిన్ రోడ్డు మీద కొత్తగా కిరాయికి దిగిన ఒక జంట వచ్చారు. ఇద్దరూ ఉద్యోగస్తులు, మంచి పిల్లలే. పిల్లి మంచం కింద ఉంది. ఇద్దరూ నేల మీద బోర్లా పడుకుని ఫోను లైటు వేసి చూశారు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పిల్లను చూడడానికి బోర్లా పడుకోవడం నేను ఎక్కడా చూడలేదు.

“అంకుల్, ఇది ఏ బ్రీడ్?” అని అడిగింది ఆ అమ్మాయి.

“మోరీ బ్రీడ్,” అన్నాను.

నవ్వింది. నవ్వితే బాగుండి, ఇద్దామనే అనుకున్నాను. అంతలో ఆ అబ్బాయి సంచిలోంచి ఎర్ర పట్టీ తీశాడు. పట్టీకి గంట. అది గల్లుమనగానే మంచం కింద గోళ్లు నేల మీద జారిన చప్పుడు వచ్చింది. వేరే ఎవరి గంట మోగినా పారిపోవచ్చు. తన మెడలో గంటే మోగితే ఆ పిల్లి ఎక్కడికి పారిపోవాలి? గంట లేకుండా పెంచుతారా అంటే, వీడియోలో గంట ఉంటే బాగుంటుందన్నారు. మర్యాదగానే పంపించాను. మా ఇంటామె వాళ్లకు చాయ్ పోసి పంపింది, నా మర్యాద మీద ఆమెకు నమ్మకం తక్కువ.

మూడోది మా గల్లీ మనిషే. గల్లీ చివర రేకుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది, బీడీలు చుడుతుంది. కూతురికి పెళ్లి చేసి పంపింది. ఆమె అరుగు మీద చుట్టుపక్కల ఆడవాళ్లు కూడా చాటలు తెచ్చుకుని కూర్చుంటారు. కాళ్లు ముడుచుకుని, చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, దారం చుడుతూ పొద్దుగూకే దాకా అట్లాగే. నేను అటు పోతుంటే పిలిచింది.

“పెద్దబాపు, ఆ పిల్లిని నాకియ్యరాదు. పొద్దంత కూసునేదాన్ని, యాడికి పోను? దానికి నేను తోడు, నాకది తోడు.”

ఇవ్వాల్సింది. కాని నాకు తంబాకు వాసన తగలగానే మా అన్న దగ్గు గుర్తుకొచ్చింది. బీడీలు తాగి తాగి, గోడ పట్టుకుని దగ్గి పోయినవాడు. అరుగు ముందర నిలబడి తంబాకు దుమ్ము మీద, ఊపిరితిత్తుల మీద, కంపెనీల మీద నేను ఉపన్యాసం ఇచ్చాను. దమ్మున్న ఇంట్లోంచి తీసి దమ్ము తెచ్చే ఇంట్లో పెడతానా అన్నాను. వింటున్నవాళ్లంతా అదే తంబాకు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారన్నది అప్పుడు నాకు తోచలేదు.

ఆమె చేతులు ఆగలేదు. ఒక బీడీ చుట్టడం పూర్తిచేసి, కొస మడిచి, అప్పుడు తల ఎత్తింది.

“నువ్వు ఇన్నేండ్లు తాగినవి ఎవలు చుట్టిండ్రు పెద్దబాపు? ఆకాశంకెల్లి పడ్డయా?”

ఆడవాళ్లు నవ్విన నవ్వుకు చాటలు ఊగాయి. నేను బీడీ మానేసి చాలా కాలమైందని చెప్పబోయాను గాని, ఆ నవ్వులో ఎవరు వింటారు? ఇంటికి వచ్చేశాను. ఆనాటి నుంచి నేను అటు పోతే ఆమె ఆకు మీదినుంచి చూపు తీసేది కాదు.

“అందర్ని ఎల్లగొడ్తివి,” అంది మా ఇంటామె. “ఇగ రేపు అంగడి. ఆమెకిస్తె ఏమైతుండె?”

నేను పేపరు మౌనంగా చదువుకున్నాను.

అంగడి రోజు బామ్మర్ది చెప్పినట్టే వచ్చాడు. మేకల వాసన, భుజాన గోనె సంచి, చేతిలో మూతి కట్టడానికి సుతిలి తాడు. వాణ్ణి తప్పుపట్టడానికి లేదు. అక్క కోసం పని వదులుకుని వచ్చాడు. నేను మాత్రం ఊరుకోలేకపోయాను. ఇంకొక వారం ఆగమన్నాను. వారం ఆగితే అక్క దమ్ము ఆగుతుందా అని వాడు లెక్క అడిగాడు. దిక్కులేని ప్రాణాన్ని సంచిలో కట్టడం ఏ ధర్మమని నేను, ఇంట్లో అక్క ఊపిరి ఆడక కూర్చుంటే పిల్లికి ధర్మమేందని వాడు. వాడన్నది నిజం. నిజమైన మాటకు నా దగ్గర ఎప్పుడూ ఒకటే జవాబు, గొంతు పెంచడం. ఎన్ని రోజులుగానో కడుపులో దాచుకున్న పేపరు కోపమంతా కలిసి వచ్చింది. కరెంటు కోతలు కూడా వచ్చాయి. మోరీ కూడా వచ్చింది.

మేం అలసిపోయి ఆగేసరికి మా ఇంటామె గొడుగు ఎత్తి చూపించింది. తేలికగా లేచింది. డ్రమ్ము వెనక లేదు, మంచం కింద లేదు. వాకిలి తలుపు బార్లా తెరిచి ఉంది. దాన్ని కాపాడడానికి నేను వేసిన కేకలకే అది ఇల్లు వదిలి పోయింది.

గల్లీ అంతా వెతికాం. బామ్మర్ది మెయిన్ రోడ్డు వైపు పోయాడు. కనబడితే పట్టుకోమని సంచి, సుతిలి నా చేతికిచ్చాడు. ముందుగా పైపు దగ్గరికి పోయాను. కుక్కలు ఉన్నాయి, పడుకుని ఉన్నాయి. వంగి చూస్తే పైపులో నీళ్లు తప్ప ఏమీ లేవు. అంగడికి పోయే బండ్లు, ఆటోలు, హారన్లు. ఈ రోజున ఈ చప్పుళ్లలో అది రోడ్డు దాటే ప్రయత్నం చేసి ఉంటే ఇక వెతకడం అనవసరం. పిలుద్దామంటే పేరు లేదు. పేరున్నా నేను పిలిస్తే వస్తుందా?

మిగిలింది గల్లీ చివరి ఇల్లు. అరుగు మీద ఎప్పటిలాగే చాటలు, కత్తెరల చప్పుడు. నన్ను చూసి అందరూ ఒక్కసారిగా పనిలో పడ్డారు. అరుగు ముందర నిలబడి అడిగాను.

“బిడ్డా, పిల్లి ఇటు వచ్చిందా?”

“నేను జూల్లే పెద్దబాపు,” అంది ఆమె, దారం చుడుతూనే.

“లేచి ఇంట్లో ఒకసారి చూస్తావా?”

“లేవరాదు. ఒళ్లె పనున్నది.”

పక్కన ఉన్న ఆడమనిషి కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంకొకామె దగ్గినట్టు నటించింది. అప్పుడు చూశాను. ఆమె చాట కింద, ముడిచిన కాళ్ల నడుమ చీకట్లో, బూడిద రంగు తోక కొస ఒకటి. కదలడం లేదు, వణకడం కూడా లేదు. పైన ఆమె చేతులు ఆడుతున్నాయి, కత్తెర ఆడుతోంది, అది మాత్రం పడుకుని ఉంది. నెత్తి మీద తక్కువ ఎత్తులో కప్పు, పొద్దుగూకే దాకా లేవని మనిషి. మా ఇంట్లో అన్నాళ్లున్నా అది కళ్లు మూసుకుని పడుకోగా నేను చూడలేదు.

“కాళ్లు తిమ్మిరెక్కినయి,” అంది ఆమె, ఈసారి నన్ను చూసి. “నీదే గద, తీస్కపోతవా?”

తీసుకుపోను. కాని ఊరికే ఒప్పుకోవడం నాకు చేతకాదు. తంబాకు డబ్బా మూత ఎప్పుడూ వేసి ఉంచాలన్నాను. దుమ్ము కిందికి రాలకుండా చాట కింద పాత చీర ముక్క పరచాలన్నాను. పాలు ఇంటినుంచి మేమే పంపుతామని, గంట కట్టవద్దని, అది తినేటప్పుడు అటు తిరగాలని చెప్పుకుంటూ పోయాను. ఆమె చాట అంచు కొంచెం ఎత్తింది. మెత్తని చీర ముక్క ముందే పరిచి ఉంది.

“షరతులు తర్వాత జెప్పుదువు పెద్దబాపు. ముందుగల్ల సంచి ఎవల చేతిల ఉన్నదో సూడు.”

చూసుకున్నాను. మూతి తెరిచి, సుతిలి వేలికి చుట్టుకుని, సరిగ్గా పిల్లిని పట్టేవాడిలాగా నిలబడి ఉన్నాను. ఈసారి వాళ్లు నవ్వితే నాకూ నవ్వొచ్చింది. సంచి మడిచి చంకలో పెట్టుకున్నాను.

బామ్మర్ది ఖాళీ సంచితో పోవడం ఇష్టం లేక అంగడిలో వంకాయలు నింపుకుని పోయాడు. పోతూ పోతూ, జుక్కల్ పిల్లులకు ఏం చెప్పమంటావు బావ అని అడిగాడు. మా ఇంటామె మంచం కింద, డ్రమ్ము వెనక అంతా తుడిపించి, గొడుగు ఎండకు పెట్టింది. ఇప్పుడు దమ్ము నయం. పాల గిన్నె తనే తీసుకుపోయి అరుగు కింద పెట్టి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కాసేపు నిలబడి వస్తుంది.

నేను పేపరుతో పోతాను. మొదటి రోజు ఊరికే పోయి కూర్చుంటే, ఇక్కడ నోరు మూసుకుని చదువుతావేందని ఆడవాళ్లు అడిగారు. చేతులు ఖాళీ లేవు గాని చెవులు ఖాళీయే కదా అన్నారు. ఒర్రకుండా చదివితే వింటామని ఒప్పందం. అట్లా ఇప్పుడు నేను మూడో రకం చదువు నేర్చుకుంటున్నాను, పైకే గాని మెల్లగా. రాజకీయాల దగ్గర ఫరవాలేదు, క్రికెట్ దగ్గర ఫరవాలేదు. మోరీల వార్త వస్తేనే కష్టం. మొన్న అటువంటిదే ఒకటి వచ్చింది. మన పైపులు ఇంకా అక్కడే ఉన్నాయి, వీళ్లు వేరే ఊళ్లో కొత్తవి వేస్తారట. చదువుతూ చదువుతూ నా గొంతు ఎప్పుడు లేచిందో నాకే తెలియదు. చాట కింద ఏదో కదిలింది. ఆమె చుట్టడం ఆపకుండానే ఒక్క వేలు ఎత్తింది.

గొంతు తగ్గించి, ఆ వాక్యం మొదటి నుంచి మళ్లీ చదివాను.